బాపట్ల విద్య రేపల్లె చేనికి చేరునా?

సాంబ మసూరి యన్న పేరు తెలియని తెలుగిల్లు నేడు లేదు. పెండ్లిపందిటి విస్తరి మొదలుకొని పూటకూటియింటి కంచము వరకు ఆ సన్నబియ్యమునకే పరపతి. అంగడివాడు దానిని బీపీటీ యనును. కొనవచ్చినవాడును అట్లే యడుగును. ఆ యక్షరములు బాపట్ల యను నూరిపేరునకు గుర్తులని యెరిగి పలుకువారు వేయింట నొక్కరుందురో లేదో చెప్పజాలము. బీపీటీ 5204 అను నంకెతో బాపట్ల వరి పరిశోధన స్థానమున ఎం.వి. రెడ్డిగారు రూపొందించిన ఈ వంగడము 1986 లో రైతులకు విడుదల చేయబడెను. ఒక చిన్న పట్టణమున, పొలము గట్టున, ఏండ్లతరబడి వెన్నులు లెక్కించుచు కూర్చుండినవారి శ్రమ దక్షిణదేశపు భోజనపు రుచినే మార్చివేసినది.

దీని వంశక్రమము విచిత్రమైనది. కోయంబత్తూరు పరిశోధకులు 1921 లో వెలువరింపగా కిచ్చిలి సాంబ యను పేర ప్రసిద్ధికెక్కిన జీఈబీ 24 ఒక పూర్వజము. తైవాను ద్వీపపు పొట్టివరియగు తైచుంగ్ నేటివ్ 1 మరియొకటి. మలేషియాలో 1965 లో సాగునకు వచ్చిన మసూరి మూడవది. మనదని గర్వించు అన్నపు ముద్దలో ఇన్ని దేశముల పాలు గలదు. ఇందు చిన్నబుచ్చుకొనవలసినది లేదు. పొలము వచ్చినవారి ఊరుపేరు లడుగదు; పండినదా లేదా యనియే చూచును.

అయినను ఈ సుకుమారికి దోషములు లేకపోలేదు. పైరు సుమారు 150 దినములు పొలముననే నిలిచియుండవలయును. అగ్గితెగులు, బాక్టీరియా యెండాకు తెగులు, సుడిదోమ దానికి బద్ధశత్రువులు. గాలివాన తగిలిన నేలకొరగును. హైదరాబాదులోని వరి పరిశోధన డైరెక్టరేటును, సీసీఎంబీ యను జీవకణ పరిశోధన సంస్థయు కలసి, యెండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరణముచే దీనియందు చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008 లో వెలువరించిరి. 2025 మే 4 న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో ప్రకటించిన కమల యను వంగడమును ఈ సాంబ మసూరి బిడ్డయే. ఇందు బయటి జన్యువేదియు చేర్పబడలేదు. వెన్నులో గింజల సంఖ్యను అదుపులోనుంచు నొక జన్యువును సవరించిరి. పైరు సుమారు 20 దినములు ముందుగా కోతకు వచ్చుననియు, దిగుబడి 19 శాతము హెచ్చుననియు శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఇవి పరిశోధన క్షేత్రములలోని లెక్కలు. కాలువ చివరి చేలలో నెంత నిలుచునో ఆ చేలే చెప్పవలయును.

ఇరువది దినములనగా పట్టణవాసికి లెక్కలోనిది కాకపోవచ్చును. కృష్ణా పడమటి డెల్టా రైతుకు అది ప్రాణము. 1977 నవంబరు 19 నాటి యుప్పెన దివిసీమను ముంచివేసినప్పుడు కృష్ణకు ఈవలి రేపల్లె తీరమును కంట తడిపెట్టినది. 2023 డిసెంబరు 5 న మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్దనే తీరము దాటినప్పుడు, కోతకు వచ్చిన వరియు, కోసి పనలమీదనున్న వరియు నీటిపాలయ్యెను. వాయుగుండము వచ్చుటకు ముందే ధాన్యము గాదె కెక్కినచో రైతు బ్రదికెను. ఆలసించినచో అప్పు మిగిలెను. మరియు వరి త్వరగా లేచిన చేనిలో మినుము పదునుమీద మొలచును. ఈ మినుము సంగతి ముందు చెప్పుదుము.

విత్తనము విషయమున బాపట్ల చేసినది గొప్పపని. ఆ పని కొక చరిత్ర గలదు. తొలుత తెలుగుబిడ్డ కృషిశాస్త్రము నేర్వగోరినచో కోయంబత్తూరు పోవలసియుండెడిది. మద్రాసు రాజధానికంతటికి అదియొక్కటియే వ్యవసాయ కళాశాల. 1945 లో బాపట్ల కళాశాల యేర్పడి ఆ కొరత తీర్చెను. అది మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయము క్రింద నుండి, 1964 లో వ్యవసాయమునకు ప్రత్యేక విశ్వవిద్యాలయ మేర్పడగా దానిలో చేరెను. ఆ విశ్వవిద్యాలయమునకు 1996 లో ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు పెట్టిరి. రాష్ట్రము 2014 లో విడిపోయిన పిమ్మట దాని కేంద్రస్థానము గుంటూరు చెంత లాం గ్రామమునకు వచ్చెను. రంగాగారి స్వగ్రామము నిడుబ్రోలు. తెనాలినుండి బాపట్లకు రైలులో పోవువారు ఆ స్టేషనును దాటియే పోవలయును. 1930 దశకమున అచ్చట ఆయన రైతుల కొక విద్యాలయమునే నడపిరి. కృషీవలుని విద్య యీ ప్రాంతమునకు క్రొత్తది కాదని చెప్పుటకే ఇది యెత్తితిమి.

ఇంతవరకు విత్తనపు మాట. మేము నేడు వ్రాయదలచినది నేల మాట.

కృష్ణకు బెజవాడకడ 1855 నాటికి ఆనకట్ట కట్టబడెను. దాని స్థానమున 1957 లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. అచ్చట బయలుదేరిన పడమటి డెల్టా నీరు తెనాలి పట్టణము నడుమగా మూడు కాలువలై పారును. తెనాలి చుట్టుపట్ల నేల నల్లని రేగడి. దుగ్గిరాల పసుపు, కొల్లిపర లంకల అరటి, ఎటు చూచినను పచ్చదనమే. అచ్చటినుండి రైలెక్కి రేపల్లెకు పోవువాడు ఒక్కొక్క స్టేషను దాటినకొలది కాలువ సన్నగిల్లుటయు, మురుగు వెడల్పగుటయు చూచును. ఎగువవాడు విడిచిన నీరే దిగువవాని కొక్కొక్కప్పుడు సాగునీరు. వేసవిలో ఆ నీరును రాదు. సముద్రపు పాటు మురుగుకాలువల వెంబడి ఎదురెక్కి వచ్చును. నిజాంపట్టణము వైపు చేలలో తెల్లని పొర పేరుకొనును. దానిని ముట్టి నాలుకనుంచుకొన్న చెప్పనక్కరలేదు. 1990 దశకమునుండి రొయ్యల చెరువులు పెరిగినపిమ్మట, ప్రక్క వరిచేనివాని దుఃఖము మరియొక విధమైనది. చెరువుగట్టు చిమ్మిన ఉప్పునీరు వాని గట్టుక్రిందుగా వచ్చును.

ఈ నేలల గూర్చి బాపట్ల కేమియు తెలియదని యెవ్వరైన ననినచో అది అన్యాయము. చౌడునేలలను, ఉప్పునీటిని పరిశోధించుట కక్కడ ప్రత్యేక విభాగమే కలదు. తెల్లచౌడును మంచినీటితో కడిగి, లవణము కరగిన నీటిని మురుగులోనికి పంపవలయును. కారుచౌడునకు జిప్సము వేయవలయును. అందలి సున్నపు ధాతువు మట్టిని పట్టుకొనియున్న సోడియమును త్రోసివేయగా నీరు దానిని కొనిపోవును. పిమ్మట జీలుగయో జనుమో పెంచి కలియదున్నవలయును. మురుగు పోవుటకు దారిలేనిచో ఇదంతయు బూడిదలో పోసిన పన్నీరే. అందుకై భూమిలోపల చిల్లుల గొట్టములు పరచి, ఉప్పునీటిని అడుగునుండియే లాగివేయు పద్ధతిని, 1990 దశకపు చివరి సంవత్సరములలో డచ్చివారి సహకారముతో బాపట్ల పరిశోధకులు చేసి చూపిరి. వారెంచుకొన్న చోట్లలో నొకటి చీరాలకు దక్షిణముగా, పడమటి డెల్టా కాలువ తుదనున్న ఉప్పుగుండూరు. పేరులోనే రోగము చెప్పుచున్న ఊరు!

అన్నిటికంటె మాకు ప్రియమైనది దొరువు కథ. బాపట్లనుండి చీరాల వరకు సముద్రమునొడ్డిన ఇసుక పర్రలో అడుగువేయువా రెవ్వరును అచ్చట తోట లుండునని నమ్మరు. కాని రైతు ఇసుకలో గరాటువలె గుంట త్రవ్వును. నాలుగైదు మూరల లోతుననే తియ్యని నీరు ఊరును. రెండు చేతుల రెండు కుండలతో లోనికి దిగి, ముంచుకొని, పైకివచ్చి, మొక్కమొక్కకు పోయును. ఈ గుంటయే దొరువు. తాతముత్తాతల నాటినుండి నారుమళ్లును, కూరగాయలును, పూలతోటలును అట్లే పెరిగినవి. ఉప్పుసముద్రపు టొడ్డున మంచినీ రెట్లు నిలిచినది? వానకురిసి ఇసుకలో దిగిన మంచినీరు తేలిక. సముద్రమునుండి చొచ్చిన నీరు బరువు. తేలికది బరువుదానిమీద నూనెవలె తేలియుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, క్రింద సుమారు నలువది యడుగులు మంచినీ రుండునని శాస్త్రజ్ఞుల లెక్క. దీనిని త్రిప్పి చదువవలయును. యంత్రముపెట్టి పై మట్టమును ఒక్క అడుగు దించినచో, క్రిందనుండి ఉప్పునీరు నలువది యడుగులు పైకి లేచుటకు సిద్ధముగా నుండును. ఆశపడి లోతుగా గొట్టము దింపినవాని బావి రెండేండ్లలో నుప్పనగుటకు కారణ మిదియే. కుండతో ముంచువానికి ఈ లెక్క తెలియదు. వాని కుండయే వానిని కాపాడినది.

బాపట్ల పరిశోధకులు ఈ దొరువును అపహసింపక దానినుండియే నేర్చుకొనిరి. నడుమ నొక బావి కట్టి, దాని చుట్టును నీటిమట్టమునకు కొంచెము దిగువగా చిల్లుల గొట్టములను అడ్డముగా, బండిచక్రపు ఆకులవలె పరచిరి. నీరు లోతునుండి గాక వైశాల్యమునుండి వచ్చును. మీగడ తీసినట్లు పై పొరను మాత్రమే తీసికొని, తుంపర సాధనములతో చేనికి చల్లవచ్చును. కుండ మోయు నడుమునకు విశ్రాంతి. క్రింది ఉప్పునకు నిద్రాభంగము లేదు. విశ్వవిద్యాలయము ప్రజలలోనికి పోవుట యన్నచో ఇట్టిదని మా యభిప్రాయము. పల్లెవాని పనిలోని తెలివిని కనిపెట్టి, దానికి లేని బలమును చేర్చి, తిరిగి వానికే యిచ్చుట.

మినుము సంగతియు నిట్టిదే. డెల్టాలో వరి కోతకు రెండుమూడు దినములు ముందు, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లుట వాడుక. దుక్కి లేదు, నీరు లేదు. మిగిలిన పదునుతోను మంచుతోను కాయలు కాచును. ఈ చాతుర్యము రైతుది. పల్లాకు తెగులు తెల్లదోమ రెక్కలమీద వచ్చి, బంగారు తీగ చేలకు చేలే అల్లుకొని పీల్చివేయగా, అనేకులు మినుము మాని, దున్నని వరిమాగాణిలోనే త్రాడుపట్టి రంధ్రములు చేసి మొక్కజొన్న నాటిరి. శాస్త్రజ్ఞులు దానిని కొలిచి, ఎరువు మోతాదు చెప్పి, పద్ధతికి పేరు పెట్టిరి. తెగులునకు తట్టుకొను మినుము వంగడములను లాం పరిశోధన క్షేత్రము పెంపొందించుచున్నది. రైతు ముందు నడచి, పండితుడు వెనుకనుండి దారి బాగుచేసిన సందర్భము లివి. వీనిని పండితులు దాచుకొనరాదు.

ఇక మాకు కలిగిన శంక చెప్పుదుము. బాపట్లలో పుట్టిన విత్తనము నలుబది యేండ్లలోపల తెలుగునాడు దాటి కన్నడ, అరవ దేశములకు పోయినది. దానిని మోసినవాడు ప్రచారకుడు కాదు. వియ్యపువారింటికి పోయినవాడు మూట కట్టుకొని వచ్చెను. ప్రక్కచేనివాడు బస్తా మార్చుకొనెను. కాని అదే బాపట్లలో పుట్టిన నేలవిద్య, పదిక్రోసుల దూరముననున్న చౌడుచేనికి సైతము నడువలేకున్నది. విత్తనము నడచినప్పుడు నేలవిద్య యేల కుంటువడెను?

రైతు మూఢుడనువారు కలరు. మొక్కజొన్న రంధ్రములు చూచినవారికి ఆ మాట నోట రాదు. డబ్బు లేదనువారు కలరు. అది సగము నిజము. మాకు తోచిన కారణము వేరు. విత్తనము ఒక్క పంటలో ఫలించును; ఆ ఫలము చల్లినవానిదే. జిప్సము వేసి కడిగిన చౌడు రెండవయేట మూడవయేట గాని తేరుకొనదు. ఆ ఫలము నేల యెవనిదో వానిది. తీరమండలమున సాగుచేయువాడు వేరు, పట్టాదారు వేరు. పట్టాదారు తెనాలిలోనో, గుంటూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో యుండును. చేనిలో దిగువాడు మక్తాకు తీసికొన్న కౌలుదారు. వాని ఒప్పందము నోటిమాట. గడువు ఒక్క యేడు. బాగుచేసిన చేనికి మరునాడు కౌలు హెచ్చునని వానికి తెలియును. హెచ్చు కౌలిచ్చువాడు వచ్చినచో తన్ను లేవగొట్టుదురనియు తెలియును. అట్టివాడు పరుని నేలకు జిప్సము మోయడు. మోయలేదని వానిని నిందించు పండితుడు తా నద్దెకున్న యింటికి సొంతసొమ్ముతో మేడ కట్టించునా?

మా పాఠకులలో భూస్వాములు పెక్కురు గలరు. ఈ మాటలు వారికి రుచింపకపోవచ్చును. వారి భయమును మే మెరుగుదుము. 1956 నాటి కౌలు చట్టమును తలచికొని, కాగితము వ్రాసియిచ్చినచో భూమి చేజారునని వారు శంకింతురు. ఆ శంకను తీర్చుటకే 2011 లో కౌలుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చు చట్టమును, 2019 లో పంటసాగుదారుల హక్కుల చట్టమును చేసిరి. రెండవదాని ప్రకారము ఒప్పందము పదునొకండు మాసములకే. పంటమీద హక్కు సాగుదారునిది, భూమిమీద హక్కు చెక్కుచెదరక యజమానిది. అయినను కార్డు రావలెనన్న యజమాని సంతకము కావలయును. ఆ సంతకముకొరకు కౌలుదారు లెన్నిమారులు తిరిగి వట్టిచేతుల మరలిరో, ఆ గుమ్మముల యజమానులకే తెలియును. సంతకము లేదు, కార్డు లేదు. కార్డు లేదు, బ్యాంకు అప్పు లేదు. పంట మునిగినప్పుడు పరిహారము పట్టాదారు ఖాతాలో పడిన సందర్భములును లేకపోలేదు. ఇంత చేసినను పదునొకండు మాసముల కాగితము చౌడును బాగుచేయజాలదు. అది పంటకు చాలును, నేలకు చాలదు.

మూడేండ్లకు తక్కువగాని వ్రాతకౌలును, మొదటియేట కౌలులో తగ్గింపును, జిప్సమునకైన వెచ్చములో యజమాని పాలును — ఇవి దానధర్మములు కావు. బాగుపడు నేల యజమానిదే గదా! తన యాస్తిని పరునిచేత బాగుచేయించుకొనుచు వానికి కూలియైన నీయననుట వ్యాపారమునకును తగదు. తెనాలి బియ్యపు మరలు నడుపువారికి ఈ లెక్క మేము చెప్పనక్కరలేదు.

విశ్వవిద్యాలయమువారి వంతును కలదు. వ్యవసాయ కళాశాలల చివరియేటి విద్యార్థులు కొన్ని మాసములు పల్లెలలో నుండి, ఒక్కొక్క రైతు నాశ్రయించి, పనిపాటలు నేర్తురు. ఇది మెచ్చదగిన యేర్పాటు. పుస్తకములోని దోమను ఆకుమీద చూచుట, నాట్లువేయు స్త్రీల వరుసలో నిలిచి నడుము నొప్పి యెట్టిదో తెలిసికొనుట, బి.యస్సీ. పట్టమునకు చిన్న అలంకారము కాదు. మొదటి దినములలో వారు రచ్చబండకడ నేలమీద రంగుల ముగ్గులతో గ్రామపటమును వ్రాయుదురు: ఇదిగో దేవాలయము, ఇదిగో చెరువు, ఇదిగో కాలువ, ఇదిగో వరి, ఇదిగో మినుము. ఊరివారు చుట్టును మూగి, తప్పులు దిద్దుదురు. ముసలివారు పూర్వపు వాగు ఎటు పారెడిదో కఱ్ఱతో గీసి చూపుదురు. ఛాయాచిత్రము తీయుదురు. పిమ్మట మేకలు దానిమీద నడచును. ఆ పటములోని జ్ఞానము నివేదికలో నెంత మిగిలినదో, ఆ నివేదిక నెవ్వరు చదివిరో యని మేమడిగిన, అది ఆక్షేపణకై కాదు. మంచిపని మేకల పాలగుట చూడలేక.

మరియొకటి. విద్యార్థి నాశ్రయమిచ్చు రైతు సహజముగా ఊరిలో కలిగినవాడై యుండును. వాని యింట అరుగుండును, అరుగుమీద కుర్చీలుండును. సదస్సులు ఆ యరుగుననే జరుగును. కౌలుదారు ఆ వేళ చేనిలోనో, అప్పిచ్చువాని గుమ్మమునో యుండును. 2020 లో గ్రామగ్రామమున పెట్టిన రైతు భరోసా కేంద్రములు 2024 లో రైతు సేవా కేంద్రములని పేరు మారినవి. పేరేదైనను, అచ్చటి పుస్తకములో పట్టాదారు పేరే రైతు పేరుగా వ్రాయబడినచో, పరిశోధన వార్త తప్పుడు చిరునామాకు వ్రాసిన జాబువలె పట్నమునకు చేరును.

రేపల్లె ప్రాంతము 2022 ఏప్రిలు 4 నుండి బాపట్ల జిల్లాలో చేరియున్నది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కచ్చేరి మారినంతమాత్రమున కాలువ దారి మారదు. కాని కళాశాలయు, జిల్లా కార్యస్థానమును, కాలువ చివరి చౌడుచేలును ఒక్క జిల్లాలోనికి వచ్చుట మంచి యవకాశము. జిల్లా యధికారులును, కళాశాలవారును కలసి, నిజాంపట్టణము వైపున రెండుమూడు గ్రామముల నెన్నుకొని, యజమానులను కౌలుదారులను ఒక్క చాపమీద కూర్చుండబెట్టి, మూడేండ్ల వ్రాతకౌలుతో చౌడు బాగుచేయు ప్రయత్నము నేల చేయరాదు? మట్టిపరీక్షకు పరికరములు బాపట్లలో నున్నవి. వాడదలచిన చేతులు రేపల్లెలో నున్నవి. సంతకములు తెనాలిలో నున్నవి.

అంతకంటె చిన్నపని యొకటి వెంటనే చేయవచ్చును. దానికి ప్రభుత్వపు టుత్తరువుతో నిమిత్తము లేదు. రానున్న కారున విద్యార్థులు పల్లెలకు వచ్చి ముగ్గులతో గ్రామపటము వ్రాయునప్పుడు, పట్టాదారు తానే దున్నుకొను చేలకు ఒక రంగును, కౌలుదారు దున్ను చేలకు మరియొక రంగును వేయుదురుగాక. ఊరివారు తప్పులు దిద్దుదురు. ఏ రంగు పొడి ముందుగా నయిపోవునో, కళాశాలకు తిరిగిపోయి తమ ఆచార్యులకు చెప్పుదురు.